పరాసు ఆవాల మడి

ముదలియార్‌పేట దాటి దక్షిణంగా పోతే, బండిదారి వంకర తిరిగే చోట, వీరరాఘవన్ సాగు చేసుకునే రెండు కుంటల నేల ఉండేది. నేల పరాసు సర్కారుది, అంటే ఫ్రెంచివాళ్ళది. బావి మాత్రం అతనిది. ఇరవై ఏళ్ళ కిందట అతను గడ్డపార వేస్తే, పెళ్ళాం రంగమ్మాళ్ తట్ట మోసింది. పద్దెనిమిది అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. చుట్టుపక్కల ఎవరు తవ్వినా ఉప్పునీళ్ళే. అక్కడ మాత్రం కొబ్బరి నీళ్ళంత తియ్యగా పడ్డాయి. ఆ రోజు వీరరాఘవన్ దోసిలి పట్టి తాగి, "ఊఁ" అన్నాడట. రంగమ్మాళ్ ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. అతను సంతోషం పట్టలేక అన్న మాట అది ఒక్కటేనని కూడా చెప్పుకుంది.

అలాంటి నేల మీద రేవు షావుకార్ల కన్ను పడింది. ఓడలకెక్కించే వేరుశనగ కాయలు ఎండబెట్టుకోవడానికి వాళ్ళకి కళ్లం కావాలి. దారి పక్క నేల, బండ్లు తిరగడానికి వీలు. అర్జీ పెట్టుకున్నారు.

అది జర్మనీ యుద్ధానికి మూడేళ్ళ ముందు మాట. అయిప్పసి నెల వానలు వెనకపట్టి, కార్తీక మాసం అప్పుడే మొదలైంది. ఒక ఉదయం సర్కారు తోటల మీద అధికారి మొరెల్ దొర, దుబాసీ విజయరంగన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. దొరకి మొక్కజొన్న పీచు లాంటి ఎర్ర గడ్డం. గట్టు మీద గొంతుకూర్చుని, పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. అది చూసి వీరరాఘవన్‌కి దొర మీద కొంచెం నమ్మకం కలిగింది. మట్టి వాసన చూసేవాడు మరీ చెడ్డవాడు కాలేడు.

దొర ఒక రేకు డబ్బా ఇచ్చాడు. దుబాసీ తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఇదిగో వీరరాఘవన్, ఇది కొల్జా. దొర ఊళ్ళో వేసే పంట. మన ఆవాల చుట్టమే అనుకో. దీన్లోంచి నూనె తీస్తారు. ఈ నేలలో వస్తుందో రాదో చూడాలని దొర ఆశ. షావుకార్ల అర్జీకి అడ్డం పడి, ఇక్కడ పంట పరీక్ష జరగతా ఉందని రాసినాడు. ఇప్పుడు కారైకాల్ పోతాడు. దొరల కొత్త సంవత్సరం పండుగ దాటినాక వచ్చి చూస్తాడు. పైరు నిలిచి ఉంటే తొమ్మిదేళ్ళు ఈ నేల నీది. నిలవలేదా, చెనక్కాయల కళ్లమే. బావి పూడ్చేస్తారు."

"ఊఁ," అన్నాడు వీరరాఘవన్. ఇది వేరే 'ఊఁ'.

"ఇంకోటి. మడిలో కొల్జా తప్ప మరో మొక్క ఉండకూడదు. ఒక్కటి కూడా. దొర దాంట్లో మహా పట్టుదల మనిషి."

దొర పోయాక రంగమ్మాళ్ డబ్బా మూత తీసి చూసింది. నల్లగా, గుండ్రంగా, మన ఆవాల కంటే కాస్త లావు.

"పరాసు ఆవాలు!" అంది. "తిరగమాతలో వేస్తే పరాసు బాసలో చిటపటలాడతాయేమో!"

మళ్ళు అప్పటికే దున్ని చదును చేసి ఉన్నాయి. వీరరాఘవన్ విత్తనాన్ని ఇసుకలో కలిపి, వేళ్ళ సందుల్లోంచి వరసల్లోకి జారవిడిచాడు. డబ్బాలో సగం ఉండగానే రంగమ్మాళ్ లాక్కుంది. ఉన్న విత్తనమంతా ఒక్కసారే భూమికి ఇచ్చే అలవాటు ఆమె పుట్టింట్లో లేదు. మిగిలిన సగాన్ని బూడిదలో కలిపి, కుండలో పోసి, అటక మీద పెట్టింది.

నాలుగో నాటికి మొలకలు వచ్చాయి. రెండేసి ఆకులు, మేకపిల్ల గిట్టల గుర్తుల్లా. వరస తప్పకుండా లేచాయి. పక్క చేనులో ముల్లంగి పండించే ఏలుమలై వచ్చి, గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు. అతనికి వీరరాఘవన్ వరసకి మామ.

"మామా, బాగా లేచింది. దొర చూస్తే నీ గడ్డానికి ముద్దు పెడతాడు."

"ఏమయ్యా ఏలుమలై, నీ నోరు మంచిది కాదు, ఊరుకో," అంది రంగమ్మాళ్.

ఏలుమలై నోటి తప్పో, గాలి తప్పో, ఆరో నాటి ఉదయం ఆకుల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు కనిపించాయి. ఏడో నాటికి ఆకులు జల్లెడలు. ఎనిమిదో నాటికి చాలాచోట్ల కాడలే మిగిలాయి.

వీరరాఘవన్ వంగి చూశాడు. నేల మీద నల్లటి గింజలు కనబడ్డాయి. తను చల్లినవే పైకి వచ్చాయా అనుకుని ఒకదాన్ని వేలితో ముట్టబోయాడు. గింజ ఎగిరి, జానెడు అవతల పడింది. ఇంకోదాన్ని ముట్టబోయాడు. అదీ ఎగిరింది.

"ఏమే, ఇట్లా రా!"

రంగమ్మాళ్ పరుగున వచ్చింది. మొగుడు పిలవడమే అరుదు. వంగి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, ఆవాలకు కాళ్ళొచ్చినాయే!"

ఆవగింజంత పురుగులు. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉన్నాయి. వెనక కాళ్ళకి మిడత కాళ్ళంత బలం. మనిషి నీడ పడితే చాలు, చిటుక్కున ఎగిరి ఎక్కడో పడుతున్నాయి. పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వీరరాఘవన్ వేపాకు కషాయం చల్లాడు. పురుగులు స్నానం చేసినట్టు తడిసి, ఎండకి ఆరి, మళ్ళీ తిండికి కూర్చున్నాయి. తెల్లవారుజామున మంచు తడి ఉండగా పలచటి గుడ్డలోంచి బూడిద రాల్చాడు. బూడిద ఆకుకి పట్టుకున్నంతసేపు బాగానే ఉండేది. పొద్దెక్కి గాలి లేవగానే బూడిద రాలిపోయేది, అవి వచ్చేవి.

రంగమ్మాళ్ దిష్టి తియ్యాలని లేచింది. ఎండు మిరపకాయలు తెచ్చింది, ఉప్పు తెచ్చింది, పోపుల పెట్టెలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏమయ్యా," అంది గుమ్మంలోంచి, "మనుషులకు దిష్టి తగిలితే ఆవాలు తిప్పి నిప్పుల్లో వేస్తాం. ఆవాలకే దిష్టి తగిలితే ఏం తిప్పాల?"

గట్టు మీద ఏలుమలై కడుపు పట్టుకుని నవ్వాడు. వీరరాఘవన్ మీసం కింద ఏదో కదిలింది. అదే అతని నవ్వు. అంత కష్టంలోనూ వచ్చింది.

కాని రాత్రికి ఇద్దరికీ అన్నం సహించలేదు. ఆ పొద్దున్నే షావుకార్ల మనుషులు ఇద్దరు బండి ఆపి, దారి మీద నుంచే బావి వైపు చేతులు చూపించుకుంటూ ఏదో మాట్లాడుకుని వెళ్ళారు. ఆ చేతులే కళ్ళ ముందు కదిలాయి.

మర్నాడు వీరరాఘవన్ ఏ పనీ పెట్టుకోలేదు. తలకి తువ్వాలు చుట్టుకుని మడి పక్కన గొంతుకూర్చున్నాడు. పురుగుల్ని చూస్తూ కూర్చున్నాడు, చుట్టాల్ని చూసినట్టు. చలిలో అవి మట్టి బెడ్డల కింద ముడుచుకుంటాయి. పొద్దు బారెడు ఎక్కాక బయటికి వస్తాయి. పొలం నడిమికి ఒక్కసారే పోవు. అంచు వరసలు తిని, తర్వాత లోపలికి జరుగుతాయి. రెండు ఆకుల మీద ఉన్నంత ఆకలి, గరుకు ఆకు పడ్డ మొక్క మీద ఉండదు. మధ్యాహ్నానికి ఇంత తెలిసింది. తెలిసి ఏం లాభమో తెలియలేదు.

పొద్దు వాలుతుండగా చూపు ఈశాన్య మూలకి పోయింది. అక్కడ అరచేతి వెడల్పున ఒక గుబురు. ఆకు రంగు వేరు, కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చ. దగ్గరికి పోయి చూశాడు. నాటు ఆవాలు!

"ఏమే!"

రంగమ్మాళ్ ఈసారి నెమ్మదిగా వచ్చింది. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఎవరు వేసినారు?"

"ఎవరేస్తారు? నేనే."

"దొర చెప్పినాడు కదా."

"దొర చెబితే? దొరకేం తెలుసు? కొత్త విత్తు వేసే ముందు ఇంటి విత్తనం ఈశాన్యంలో పడకుండా ఏ మడైనా మొదలుపెట్టినామా? మా అమ్మ వేసింది, మీ అమ్మ వేసింది. పరాయి విత్తనానికి భూమి దారి చూపించద్దా? పోపుల పెట్టెలోంచి పిడికెడు తీసి, నువ్వు విత్తే ముందు రోజు వేసినాను. పిడికెడే!"

వీరరాఘవన్‌కి కోపం వచ్చింది. ఆ మొక్కలు దొర కంట పడితే పరీక్ష పోయినట్టే. పీకేద్దామని వంగి చెయ్యి చాపాడు. చేతి నీడ గుబురు మీద పడింది.

చినుకులు నేల మీద నుంచి పైకి కురిసినట్టయింది. వందలు. ముఖాన తగిలాయి, మీసాల్లో ఇరుక్కున్నాయి. గుప్పెడు మొక్కల్లో అన్ని పురుగులు! వీరరాఘవన్ కదలకుండా కూర్చుండిపోయాడు. కొంచెంసేపటికి అవి ఒక్కొక్కటే మళ్ళీ అదే గుబురు మీదికి చేరాయి. పక్కనే మూరెడు దూరంలో పరాసు మొలకలు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

అప్పుడు కళ్ళు చిట్లించి చూశాడు. ఆ మూల చుట్టూ రెండు బారల మేర పరాసు మొలకలకి చిల్లు లేదు. మిగతా మడంతా మొండికాడలైతే, అక్కడ మాత్రం ఆకులు నున్నగా ఉన్నాయి.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పీకేస్తివా?" అంది రంగమ్మాళ్, కళ్ళు మూసుకునే.

"ఇంట్లో ఆవాలు ఎంతున్నాయి?"

"ఏందీ?"

"ఆవాలే. నాటువి. ఎంతున్నాయి?"

రంగమ్మాళ్ ఒక కన్ను తెరిచింది.

"పురుగులకి వాటి రుచే నచ్చింది," అన్నాడు వీరరాఘవన్. "నీ విత్తనం దారి చూపించింది. పరాసు వాటికి కాదు, పురుగులకి."

ఇంత పొడుగు మాట మొగుడు ఆడి ఎన్నాళ్ళయిందో రంగమ్మాళ్ లెక్క కట్టలేక, నేరుగా ఇంటికి పరుగెత్తింది. పోపుల పెట్టె, డబ్బా, ఊరగాయ కోసం దాచిన మూట, అన్నీ తెచ్చి ముందు పోసింది. చాలక, ఒర్లియంపేటలో ఉండే అక్క ఇంటికి పోయి, "ఆవాలుంటే ఇవ్వక్కా, మా ఇంటికి వెయ్యి మంది చుట్టాలొచ్చినారు, అందరికీ తిరగమాత వెయ్యాల," అని ఇంకో శేరు తెచ్చింది.

మొండికాడల్ని దున్నేశారు. మర్నాడే మడికి నాలుగు పక్కలా గట్ల మీద జానెడు వెడల్పున నాటు ఆవాలు ఒత్తుగా చల్లారు. అవి మూడో నాటికే పచ్చగా లేచాయి. పురుగులు పెళ్ళివారిలా తరలి వచ్చి కూర్చున్నాయి. అవి బాగా కుదురుకునేదాకా ఆగి, అటక మీద కుండ దించి, బూడిద చెరిగి, మిగిలిన సగం పరాసు విత్తనం లోపలి మళ్ళలో వేశారు.

విజయరంగన్ ఏదో పని మీద అటు పోతూ ఆగాడు. గట్లు చూసి అదిరిపడ్డాడు.

"వీరరాఘవన్! ఇదేం పని? మడిలో ఇంకో మొక్క ఉండకూడదని చెప్పలేదూ?"

"మడిలో లేదు. గట్టు మీద ఉంది."

"దొర ముందు ఈ మాట నేనెట్ట చెప్పేది? పరాసు బాసలో గట్టుకి మాట ఉందో లేదో కూడా తెలీదు నాకు!"

"అన్నా, మీరు చెప్పద్దు," అంది రంగమ్మాళ్. "మజ్జిగ తాగి పోండి. దొరొచ్చినాక చూద్దాం."

విజయరంగన్ మజ్జిగ తాగి, తల తిప్పుకుంటూ పోయాడు.

పురుగుల్ని మేపుతూ కూర్చుంటే అవి పిల్లలు పెట్టి మీద పడవూ? వీరరాఘవన్‌కి ఆ భయం పట్టుకుంది. నాటు ఆకు అయిపోయిన రోజున అవి గట్టు దిగుతాయి. పట్టాలి. చేత్తో పట్టలేం. జిగురు కావాలి. రంగమ్మాళ్‌కి పడవలు గుర్తొచ్చాయి. సోలై నగర్ బెస్తవాళ్ళు పడవ పలకల సందుల్లో పూసే గుగ్గిలం తెచ్చింది. దాన్ని ఆముదంలో వేసి, ఆరుబయట పొయ్యి మీద కాచింది. వేలికి అంటితే మూడు రోజులు వదలనంత పాకం వచ్చింది.

ఇక చేట. చేటలో జిగురు పూయడమంటే రంగమ్మాళ్‌కి ప్రాణం ఒప్పలేదు. లక్ష్మీదేవి అది. చివరికి ఎలక కొట్టిన పాత చేటలు రెండు వెతికి, పసుపు బొట్టు పెట్టి, "తల్లీ, పురుగుల్ని చెరగడం కూడా చెరగడమే, ఏమనుకోవద్దు," అని దణ్ణం పెట్టి, పాకం పూసింది.

మార్గళి మాసం వచ్చింది. ఊళ్ళో ముగ్గులు, భజనలు. రోజూ పొద్దు బారెడు ఎక్కేవేళకి ఇద్దరూ గట్టెక్కేవారు. ఆమె రెండు చేతుల్లో రెండు చేటలు వాల్చి పట్టుకుని నాటు మొక్కలకి అటూ ఇటూ ఆనించేది. అతను వేప రెమ్మతో మొక్కల్ని సవరించినట్టు తడుముతూ నడిచేవాడు. పురుగులు ఎగిరేవి. ఎగిరినవి ఎగిరినట్టే చేటకి అంటుకునేవి. ఒక చుట్టు తిరిగేసరికి చేటలు నువ్వులద్దిన అరిసెల్లా అయ్యేవి.

ఏలుమలై రోజూ ఆ వేళకి వచ్చి గట్టు మీద కూర్చునేవాడు.

"అత్తా, ఈ చేటలతో నాట్యం ఎవరు నేర్పినారు?"

"మీ మామే. ముప్పై ఏళ్ళలో నాతో ఇదే మొదటి ఆట."

"మామా, కాస్త చెయ్యి తిప్పు! తాళం తప్పతా ఉంది!"

వీరరాఘవన్ మీసం కింద మళ్ళీ ఏదో కదిలింది. మర్నాటికి అతను నిజంగానే చెయ్యి కాస్త ఎక్కువగా తిప్పుతున్నాడని రంగమ్మాళ్ గమనించింది. ఏమీ అనలేదు. అంటే మానేస్తాడు.

పరాసు మొలకలు లేచాయి. రెండు ఆకులు. అక్కడక్కడ చిల్లు పడింది, పడకపోలేదు. ఏతం తొక్కి రోజు విడిచి రోజు నీళ్ళు కట్టాడు, మొక్క పురుగు కంటే ముందు పరుగెత్తాలని. గట్టు మీద ఆకు పలచబడ్డ చోటల్లా రంగమ్మాళ్ మళ్ళీ ఆవాలు చల్లింది. మూడో ఆకు పడింది. నాలుగో ఆకు పడింది. ఆకు వెడల్పై, ముదిరి, పైన బూడిద రంగు తేలింది. ఇక పురుగు ఒక చిల్లు వేస్తే, ఆకు రెండు వేళ్ళు పెరుగుతోంది.

కొత్త సంవత్సరం పండుగ దాటింది. దాటిన నాలుగో నాడు గుర్రబ్బండి వచ్చి ఆగింది. మొరెల్ దొర దిగాడు. వెనక విజయరంగన్. ఆ వెనక, పిలవని పేరంటంలా, షావుకార్ల మనిషి ఒకడు, భుజాన కొలతల గొలుసుతో.

వాళ్ళు దారి వైపు నుంచి వచ్చారు. దారి వైపు నుంచి వచ్చేవాళ్ళకి మొదట కనిపించేది గట్టు. గట్టు మీద నాటు ఆవాలు మోకాలెత్తు పెరిగి, ఏ ఆకు చూసినా జల్లెడై, జిగురు మరకలతో, బూడిదతో, పాత చాపలా ఉన్నాయి. దొర ముఖం వాడిపోయింది. గడ్డం లాక్కుంటూ ఏదో అన్నాడు. చిన్న మాటే.

"ఏమన్నాడు?" అంది రంగమ్మాళ్.

విజయరంగన్ నేల చూపులు చూశాడు. "పైరు పోయింది అన్నాడమ్మా. పైగా ఇది కొల్జా కాదు, వేరే మొక్క, నా మాట వినలేదు అన్నాడు."

షావుకార్ల మనిషి ఆలస్యం చెయ్యలేదు. గొలుసు దించి, మేకు ఒకటి గట్టు చివర దిగ్గొట్టాడు. గొలుసు గలగలమంది. రెండో కొస పట్టుకుని బావి వైపు నడిచాడు.

వీరరాఘవన్ అప్పుడు ఎవరూ చెయ్యని పని చేశాడు. దొర చెయ్యి పట్టుకున్నాడు. తెల్లటి చొక్కా చేతి మీద మట్టివేళ్ళ గుర్తులు పడ్డాయి. విజయరంగన్ "అయ్యయ్యో" అన్నాడు. వీరరాఘవన్ వినలేదు. దొరని గట్టు దాటించి లోపలికి లాక్కుపోయాడు.

లోపల పరాసు ఆవాలు. వరస వెనక వరస. అరచెయ్యంత ఆకులు, ఒకదాని మీద ఒకటి పడి నేల కనబడకుండా పరుచుకున్నాయి. వాటి మీద పొద్దుటి మంచు ఇంకా బొట్లు కట్టి ఉంది. దొర నిలబడిపోయాడు. తర్వాత తన ఊళ్ళో ఉన్నట్టే గొంతుకూర్చుని ఒక ఆకు నిమిరాడు. తిప్పి చూశాడు. ఒకటి, రెండు, పది మొక్కలు చూశాడు. వెనక్కి తిరిగి గట్టు చూశాడు. మళ్ళీ లోపల చూశాడు.

"ఎట్లా అని అడుగుతున్నాడు," అన్నాడు విజయరంగన్.

చెప్పాలి. ఇది రంగమ్మాళ్ చెబితే కుదిరే పని కాదు. దొర కళ్ళు వీరరాఘవన్ మీదే ఉన్నాయి. అతను తువ్వాలు తీసి చేత పట్టుకుని మొదలుపెట్టాడు. పొద్దుట ముడుచుకోవడం, బారెడు పొద్దుకి లేవడం, అంచు నుంచి రావడం, మూడో ఆకుదాకా గండం, ఇంటి ఆవాల రుచి, గుగ్గిలం, చేట. ఏదీ వదల్లేదు. విజయరంగన్ పరాసు బాసలోకి మార్చలేక చెమటలు కక్కాడు. "పోపుల పెట్టె" దగ్గర ఆగిపోతే, రంగమ్మాళ్ ఇంటికి పోయి ఆ పెట్టే తెచ్చి దొర ముందు పెట్టింది.

"నేను చెప్పింది దాటమని ఎవరన్నారు?" ఇది దొర అడిగిన ఆఖరి ప్రశ్న.

వీరరాఘవన్ అబద్ధం వెతకలేదు. పెళ్ళాం వైపు చెయ్యి చూపించాడు.

"ఆమె. నేను పీకబోయినాను. ఆమె వెయ్యకపోతే, దొరా, మీ పంటా లేదు, మా బావీ లేదు."

రంగమ్మాళ్ తల వంచుకుని, జన్మలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

దొర పురుగుల్ని చూపమన్నాడు. వీరరాఘవన్ గట్టు మీద వేప రెమ్మ ఆడించాడు. చిటపటలాడుతూ లేచాయి. దొర "ఓ!" అని చిన్నపిల్లాడిలా అరిచి, ఇంకా దగ్గరగా చూడాలని టోపీ తీసి పక్కన పెట్టి, బోర్లా పడుకున్నాడు. తెల్ల దుస్తులతో! చాలాసేపటికి లేచాడు. ముఖమంతా నవ్వు. గడ్డంలో నాలుగు పురుగులు. రంగమ్మాళ్ ముందు నిలబడి, వాళ్ళ మర్యాద ప్రకారం టోపీ పెట్టుకుని మళ్ళీ ఎత్తుదామని, చెయ్యి చాపి టోపీ తీసుకున్నాడు.

టోపీతో పాటు చేట కూడా లేచింది. అతను టోపీ పెట్టింది జిగురు చేటలో.

దొర లాగాడు. రాలేదు. విజయరంగన్ ఒక పక్క, దొర ఒక పక్క పట్టి లాగారు. టోపీ అంచు సాగింది కాని చేట వదల్లేదు. ఏలుమలై గట్టు మీద నుంచి పడిపోయాడు నవ్వలేక. చివరికి దొరే పకపకా నవ్వి, చేట అంటుకున్న టోపీని అలాగే రెండు చేతులా పైకెత్తి, రంగమ్మాళ్‌కి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"అయ్యో, నాకెందుకు దొరా! చేటకి పెట్టండి, చేటకి!" అంది రంగమ్మాళ్. నోరు తిరిగి వచ్చింది.

దొర గట్టు చివరికి నడిచి, షావుకార్ల మనిషి దిగ్గొట్టిన మేకుని తన చేత్తోనే పీకి, వాడి చేతిలో పెట్టాడు. రెండు మాటలు అన్నాడు. వాటిని దుబాసీ మార్చి చెప్పే అవసరం లేకపోయింది. వాడు గొలుసు చుట్టుకుని బండిదారి పట్టాడు.

"తొమ్మిదేళ్ళు," అన్నాడు విజయరంగన్, దొర చెప్పింది విని. "ఈ వారంలోనే కాగితం వస్తుంది. గట్టు మీద ఏం వెయ్యాలో రంగమ్మాళ్ ఇష్టమట. అది కూడా కాగితంలో రాయిస్తాడంట."

గుర్రబ్బండి కదిలింది. దొర ఒళ్ళో చేట, చేట మీద టోపీ. ముదలియార్‌పేట వీధుల్లో జనం బయటికి వచ్చి చూశారట.

వీరరాఘవన్ ఏతం దగ్గరికి పోయి, మాను ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. నీళ్ళు కాలవలో పడి, ఎండకి మెరుస్తూ, మడి వైపు పరుగెత్తాయి. రంగమ్మాళ్ పారతో మడవ తిప్పుతోంది. ఏలుమలై ఒంటి మీద మట్టి దులుపుకుంటూ వచ్చి, కాలవలో కాళ్ళు కడుక్కుని, అక్కడే తచ్చాడాడు.

"ఏందిరా, ఇంకా నవ్వు మిగిలిందా?" అంది రంగమ్మాళ్.

"నవ్వు కాదత్తా." అతను తల గోక్కున్నాడు. "నా ముల్లంగి కూడా చిల్లులు పడతా ఉంది. నాలుగు రోజులైంది. చెప్పేదానికి సిగ్గయింది."

"మరి?"

"ఒక గుప్పెడు ఆవాలు ఇస్తివా?"

"ఆవాలిస్తాను. చేట కూడా ఇస్తాను. ఆడేది మాత్రం నీ పెళ్ళాంతో నువ్వే ఆడుకోవాల."

ఏతం మీద నుంచి ఒక పెద్ద నవ్వు వినిపించింది. ఇద్దరూ తల ఎత్తి చూశారు. వీరరాఘవన్ అడుగు తప్పకుండా ముందుకీ వెనక్కీ నడుస్తూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కింద బావిలో ఏతం బాన మునిగింది, నిండింది, పైకి వచ్చింది.